మన ఇన్సులిన్ జన్యువు బాక్టీరియాకి ఎలా అర్థమవుతుంది?

కడప నాన్న:
పదకొండేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను. నిన్న ఫ్రిజ్ తలుపులోంచి సీసా తీస్తుంటే, ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి "ఇది బాక్టీరియా చేసింది, తెలుసా నాన్నా?" అంది. మనిషి జన్యువు దాని లోపల పెడతారట. సరే, పెట్టారు. పేగుల్లో బతికే క్రిమికి మన భాష ఎట్లా తెలుసు? అడిగితే "జెనెటిక్ కోడ్ యూనివర్సల్" అని ఒక్క మాటనేసి ఫోన్ పట్టుకుంది. ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

జువాలజీ మాస్టారు:
మీ అమ్మాయి రెండు మార్కుల జవాబు చెప్పిందండీ. నేనైతే క్లాసులో ముందు బోర్డు మీద యూయూయూ అని రాస్తాను. 1961లో అమెరికాలో నిరెన్‌బర్గ్, మథాయ్ అనే ఇద్దరు యూ తప్ప ఇంకో అక్షరం లేని ఆర్‌ఎన్‌ఏని (జన్యువులోని సందేశాన్ని మోసే నకలు) ఈ.కోలి అనే పేగు బాక్టీరియా రసంలో వేశారు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసల దండ; అందులో ఫినైల్ అలనిన్ అనే పూస ఒక్కటే గుచ్చిన దండ తయారైంది. మన కణంలోనూ యూయూయూ అంటే అదే. ఏ, యూ, జీ, సీ అనే నాలుగు అక్షరాల్ని మూడేసి చొప్పున పేరిస్తే 64 కోడాన్లు. 61 అమైనో ఆమ్లాలకి, మూడు "ఇక ఆపు" అనడానికి. ఇన్సులిన్‌లో ఉండేవి 51 అమైనో ఆమ్లాలే. బాక్టీరియాకి అర్థం కావడమేమీ ఉండదు. సంస్కృతం రానివాళ్లం తెలుగు లిపిలో మంత్రం చూసి చదివేస్తామే, అంతే. కాకపోతే మన జన్యువు మధ్యలో ఉండే అదనపు ముక్కల్ని కత్తిరించడం దానికి రాదు, అవి లేని ప్రతినే ఇవ్వాలి.

ల్యాబ్ అమ్మాయి, హైదరాబాద్:
సార్, యాస గొడవ వదిలేశారు! అర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి ఆరు కోడాన్లు. అందులో ఏజీఏ, ఏజీజీ మన జన్యువుల్లో మామూలే, ఈ.కోలి మాత్రం అరుదుగా వాడుతుంది. నేను చేసిన మొదటి ప్రోటీన్ (ఇన్సులిన్ కాదు) మూడు వారాలైనా జెల్ మీద గీత (ప్రోటీన్ తయారైందని చూపేది) పడలేదు. ఒకటే టెన్షన్. ఆ కోడాన్లని సీజీటీగా (డీఎన్‌ఏలో యూ బదులు టీ రాస్తాం) మార్చి జన్యువుని మళ్లీ తెప్పించాక లావుపాటి నీలం గీత వచ్చింది. ప్రోటీన్‌లో అక్షరం కూడా మారలేదు.

కడప నాన్న:
యాస అన్నాక బాగా ఎక్కింది, మా ఆవిడది శ్రీకాకుళం. ఇదంతా చదివి వినిపిస్తే మా అమ్మాయి "మైటోకాండ్రియాలో, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగంలో, యూజీఏ అంటే ఆపు కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. సార్‌ని అడుగు" అంటోంది.

జువాలజీ మాస్టారు:
దొరికిపోయాను. మన కణంలోనే ఉందండీ ఆ తేడా, 1979లో బయటపడింది. ఈసారి పూర్తి మార్కులు వేసేయండి.