చూరు ఎంత లాగినా సాయంత్రం ఎండ ఆగట్లేదు, సాయం చేయండి

కొబ్బరితోట: రాత్రి నుంచి ఇదే పని, కళ్ళు మండిపోతున్నాయి. భీమిలి దగ్గర ఇల్లు కడుతున్నాం. హాలు, భోజనాలు, వంట అన్నీ గోడల్లేకుండా బయటే. గదులు పడుకోవడానికి మాత్రమే. బాలిలో ఒక విల్లా ఫొటోలు చూసి ప్లాన్ గీసుకున్నా. సాఫ్ట్‌వేర్‌లో మే నెల పెడితే ఐదింటికి ఎండ తిన్నగా సోఫాల మీదే. చూరు 4 అడుగులుంటే 6 చేశా, తర్వాత 8. ఏం లాభం లేదు. ఎంత పెట్టాలో ఒక్క నంబరు చెప్పండి చాలు. సోమవారం మేస్త్రీ ముగ్గు పోయడానికి వస్తున్నాడు.

లెవెల్‌పైపు: ఏ దిక్కు?

ఈశాన్యం: వంట బయట పెట్టినా ఆగ్నేయంలోనే ఉండాలండీ. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉందా? మధ్యలో బ్రహ్మస్థానం వదిలారా? ముందు ఇవి సరిచూసుకుంటే ఎండ సంగతి దానంతటదే సర్దుకుంటుంది.

లంకవాసి: బాలి దాకా ఎందుకండీ, మన మండువా లోగిలి లేదా? మధ్యలో ఆకాశం, చుట్టూ వసారా. మా తాతలు పగలంతా అందులోనే గడిపారు.

పెంకుటిల్లు: మండువా అంటే నాలుగు కప్పులూ లోపలికి వాలి వాన నీళ్ళు నడిమధ్యన పడాలి. ఈయన గీసింది అది కాదు, గోడల్లేని షెడ్డు.

లంకవాసి: మధ్యలో ఖాళీ ఉన్న ప్రతిదాన్నీ మావైపు మండువా అనే అంటారు.

పెంకుటిల్లు: అంటారు. తప్పుగా అంటారు.

కొబ్బరితోట: షెడ్డేంటండీ, టేకు దూలాలు వేస్తున్నాం! నా ప్రశ్న చూరు గురించి.

ఉప్పుగాలి: చూరు 8 అడుగులు బయటికి లాగారంటే గాలి కిందనుంచి లేపేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని వసారా రేకులు ఎగిరిపోయాయో ఇక్కడివాళ్ళని అడగండి. స్తంభాన్ని పునాదికీ, దూలాన్ని స్తంభానికీ బోల్టులతో బిగించాలి, పెంకులకు తీగ కట్టాలి. బోల్టులకి స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం వద్దు, ఉప్పుగాలికి మరకలు తేలుతుంది, 316 రకం తీసుకోండి. అన్నట్టు సముద్రం ఎంత దూరం? హైటైడ్ లైన్‌ (సముద్రం పోటు నీళ్ళు చేరే గీత) నుంచి 500 మీటర్ల లోపైతే సీఆర్‌జడ్, అంటే తీరంలో కట్టడాల మీద ఉండే ఆంక్షల సంగతి తేలాకే ముగ్గు.

లెవెల్‌పైపు: దిక్కు అడిగాను.

కొబ్బరితోట: పడమరే కదా, చెప్పలేదా? తూర్పున బీచ్ రోడ్డు. వచ్చేపోయేవాళ్ళు తొంగి చూస్తారని హాలు వెనక్కి పెట్టాం. వెనకాల కొండ వ్యూ కూడా బాగుంటుంది.

లెవెల్‌పైపు: అయితే నంబరు లేదు. మేలో ఐదింటి ప్రాంతంలో సూర్యుడు సుమారు 20 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు అంచు నేల నుంచి 8 అడుగుల ఎత్తులో ఉంటే, ఎండ ఆ అంచు కిందనుంచి 22 అడుగులు లోపలికొస్తుంది. అంచును ఆరున్నరకు దించినా దాదాపు 18. పొద్దు వాలేకొద్దీ ఇంకా లోపలికి. పడమటి ఎండని పైకప్పు ఆపదు, నిలువుగా ఏదైనా అడ్డు కట్టాలి. వెదురు తడికలు, వట్టివేళ్ళ తెరలు, తీగ పందిరి, ఏదైనా సరే. లేదంటే హాలు తూర్పుకి తిప్పండి, మధ్యాహ్నం నుంచి ఇంటి నీడే దాని మీద పడుతుంది. ఇప్పుడైతే సముద్రపు గాలిని మీ పడగ్గదులే ఆపేస్తున్నాయి. రోడ్డు మీద చూపులకి నేల మూడడుగులు ఎత్తి, ముందు మందార కంచె వేస్తే సరి.

ఇంకోటి. బాలి భూమధ్యరేఖకి దక్షిణాన 8 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం మధ్యాహ్నపు ఎండ ఉత్తరం నుంచి వస్తుంది, మనకు దక్షిణం నుంచి. ఆ ప్లాన్ ఉన్నదున్నట్టు దించితే నీడ ఉండాల్సిన చోట ఎండ ఉంటుంది.

ఈశాన్యం: తూర్పు తెరిపి అని నేను మొదటినుంచీ అంటున్నదదే.

పెంకుటిల్లు: మీరు ఎక్కడన్నారండీ?

లంకవాసి: దోమల మాట ఎవరూ ఎత్తలేదు. గోడల్లేకపోతే ఏడింటికల్లా లోపలికి పరుగే. సీలింగ్ ఫ్యాను గట్టిగా తిరిగితే కొంత నయం.

కొబ్బరితోట: తడికలకి మా ఆవిడ ఒప్పుకోదు. తిప్పి గీసి చూస్తా. థాంక్సండీ. ఫ్యాన్లు బయటవి వేరే దొరుకుతాయా?

ఈశాన్యం: హాలు తిప్పితే మెట్లు ఎటు వస్తాయో చెప్పండి ముందు.