మేనరికం చెల్లేది ఆచారం వల్లా, చట్టం వల్లా?

అందరికీ నమస్కారం. నలభై దాటాక ఎల్‌ఎల్‌బీలో చేరాను. పగలు అబిడ్స్‌లో ఉద్యోగం, రాత్రి చదువు. జ్యూరిస్‌ప్రుడెన్స్‌లో (న్యాయ సిద్ధాంతాల సబ్జెక్టు) 'న్యాయ మూలాధారాలు', అంటే న్యాయం ఎక్కడి నుంచి పుడుతుందన్న పాఠం దగ్గర బండి ఆగిపోయింది. శాసనం సరే. పూర్వ తీర్పులూ సరే, రాజ్యాంగంలో 141వ అధికరణ ఉంది కాబట్టి సుప్రీంకోర్టు చెప్పింది కింది కోర్టులన్నిటికీ శిరోధార్యం. తిప్పలంతా ఆచారంతోనే.

మా అమ్మ చేసుకున్నది సొంత మేనమామను. 1955 హిందూ వివాహ చట్టం చూస్తే మేనమామ, మేనకోడలు నిషిద్ధ బంధుత్వం. బావామరదళ్లూ అంతే! అయితే ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే పెళ్లి చెల్లుతుందని 5వ సెక్షన్. ఆ ఆచారం చాలాకాలంగా, తెగకుండా, ఒకే తీరుగా సాగాలని 3వ సెక్షన్. ఇది చదివి వినిపిస్తే, "యాభై ఏళ్లు కాపురం చేశాక ఇప్పుడడుగుతున్నావా" అంది అమ్మ, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూనే.

1868లో రామనాథపురం కేసులో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్, స్పష్టంగా రుజువైన ఆచారం శాస్త్ర వచనాన్నీ మించుతుందంది. ఇప్పుడేమో హిందూ వివాహ చట్టం 4వ సెక్షన్ ప్రకారం చట్టం వదిలిన చోటే ఆచారానికి బతుకు. మరి ఇంకా అది స్వతంత్ర మూలమేనా, లేక ఇంగ్లిష్ న్యాయ సిద్ధాంతకర్త ఆస్టిన్ అన్నట్టు సార్వభౌముడు, అంటే రాజ్యాధికారం చేతిలో ఉన్నవాడు, గుర్తిస్తేనే న్యాయమా? మా సార్‌ని అడిగితే "రెండూ రాయి, మార్కులొస్తాయి" అన్నారు. మార్కుల కోసం కాదండీ అడిగింది.

ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసేవాళ్లుంటే ఇంకొకటి చెప్పండి. ఇలాంటి ఆచారాన్ని రుజువు చేయాల్సి వస్తే ఏం చూపిస్తారు, కులపెద్దల సాక్ష్యమా, పాత శుభలేఖలా?