బోటు బ్యాటరీ మీద ల్యాప్‌టాప్, మానిటర్: ఇన్వర్టరా, డీసీ కన్వర్టరా?

పెన్నాతీరం:
జమ్మలమడుగు దగ్గర మైలవరం జలాశయంలో పూడిక సర్వే పని వచ్చింది. లోతు కొలిచే ఎకో సౌండర్, దానికి తగిలించిన ల్యాప్‌టాప్, బోటు నడిపే ఆయన గీత తప్పకుండా పోవడానికి ఆయన ముందు ఇంకో మానిటర్. ల్యాప్‌టాప్, మానిటర్ కలిపి 70 వాట్లు తింటాయి, రోజుకు ఆరు గంటలు. అద్దె బోటు, అవుట్‌బోర్డ్ ఇంజన్, ఉన్నది ఒకటే 12 వోల్టుల బ్యాటరీ. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటు లాగా 230 వోల్టుల ఏసీగా మార్చే ఇన్వర్టర్ పెట్టుకోమని ఒకరు, ఏసీ చేయకుండా నేరుగా కావాల్సిన వోల్టేజీకి మార్చే డీసీ కన్వర్టర్ పెట్టుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏది సేఫ్?

అనంత_సోలార్:
ఇందులో ఆలోచించేదేముంది అన్నా, డీసీనే. 12 వోల్టులను 230 చేసి మళ్లీ ల్యాప్‌టాప్‌కు కావాల్సిన 19కి దించడం ఎందుకు? ఇన్వర్టర్‌లో పదిహేను శాతం, అడాప్టర్‌లో ఇంకో పది పన్నెండు శాతం వేడిగా పోతుంది, నీ 70 వాట్లకు బ్యాటరీ నుంచి 90 పైనే లాగుతుంది. మంచి కన్వర్టర్ అయితే 80 లోపే. పైగా తడి చేతుల మధ్య 230 వోల్టులు. చిన్న ఇన్వర్టర్లలో చాలావాటికి న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపి ఉండరు, ఇంట్లో షాక్ కొడితే కరెంటు ఆపి ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్ అక్కడ పెట్టినా పడకపోవచ్చు.

కర్నూలు_మెకానిక్:
లెక్క బాగుంది గానీ తమ్ముడూ, బోటు కరెంటు నీ సోలార్ బ్యాటరీ లాగా బుద్ధిగా ఉండదు. సెల్ఫ్ కొడితే 12 కాస్తా 9, 10కి పడుతుంది, ఛార్జింగ్‌లో 14.4 దాకా పోతుంది, ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ లూజై ఊడిందంటే క్షణకాలం ఎన్నో రెట్ల వోల్టేజీ వచ్చి పడుతుంది. అద్దె బోట్లలో టెర్మినళ్ల బిగువు సంగతి నేను చెప్పాలా? బజార్లో దొరికే చౌక కన్వర్టర్ బోర్డుల్లో ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య అడ్డే ఉండదు, వచ్చింది వచ్చినట్టు ల్యాప్‌టాప్‌లోకి పోతుంది. ప్యూర్ సైన్ ఇన్వర్టర్ (ఇంటి కరెంటు లాంటి నున్నటి ఏసీ ఇచ్చేది), కంపెనీ అడాప్టర్ ఉంటే ముందు పోయేది ఇన్వర్టరే. దాని కోసం పదిహేను వాట్లు పోతే పోనీ.

అనంత_సోలార్:
మంచి ఇన్వర్టర్‌ను తెచ్చి చెత్త కన్వర్టర్ పక్కన నిలబెడితే ఏది గెలుస్తుందో అందరికీ తెలుసు. 12, 24 రెండింటికీ పనికొచ్చే, లారీల్లో వాడే టైప్-సీ పీడీ (పవర్ డెలివరీ, ల్యాప్‌టాప్ అడిగిన వోల్టేజీ ఇచ్చే రకం) ఛార్జర్లు 20 వోల్టుల దగ్గర 65 వాట్లు ఇస్తాయి. గుండ్రటి పిన్ను ల్యాప్‌టాప్‌లతోనే తంటా, కొన్ని తమ కంపెనీ అడాప్టర్ కాదని తెలిస్తే ఛార్జే చేసుకోవు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఛార్జర్ ఆగినా ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది కదా, మానిటర్ ఒక్కటే ఆరుతుంది. ఆ మానిటర్ వెనక 12 వోల్టులని రాసి ఉన్నా సరే, నేరుగా బ్యాటరీకి తగిలించొద్దు. అది కదలని 12 కోసం చేసింది, మధ్యలో 12 నిలబెట్టే కన్వర్టర్ ఉండాల్సిందే.

పాతకాలం_వైర్‌మ్యాన్:
ఇద్దరూ డబ్బా గురించే కొట్లాడుతున్నారు, నిప్పు పుట్టేది వైరులో. ఫ్యూజ్ ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే పెట్టాలి. ల్యాప్‌టాప్ దగ్గర పెడితే, మధ్యలో వైర్లు ఒరుసుకుని కలిసినప్పుడు బ్యాటరీ వందల ఆంప్స్ కుమ్మరిస్తుంది, ఆ చివరి ఫ్యూజ్‌కు ఆ సంగతే తెలియదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 8 ఆంప్స్‌కు కాలిపోదు, కానీ ఐదు మీటర్లు పోయి ఐదు మీటర్లు తిరిగొచ్చేసరికి దాదాపు ఒక వోల్టు మింగేస్తుంది, బ్యాటరీ కాస్త దిగాక ఇన్వర్టర్ కూతపెట్టి ఆగేది అందుకే. 4 వేస్తే 0.4 లోపే. మొసలి క్లిప్పులు వద్దు, కదిలితే నిప్పురవ్వలు వస్తాయి, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

అసలు సెల్ఫ్ బ్యాటరీని ముట్టుకోవడమెందుకు నాయనా? సర్వే అంటే బోటు నెమ్మదిగా పోవాలి, ఆ స్పీడులో చిన్న ఇంజన్ ఇచ్చే ఛార్జింగ్ కొద్ది ఆంప్సే. సాయంత్రం నీళ్ల మధ్యలో స్టార్ట్ కాకపోతే తెడ్డే గతి.

పెన్నాతీరం:
విడి బ్యాటరీ ఎంతది తీసుకోవాలి పెద్దాయనా?

పాతకాలం_వైర్‌మ్యాన్:
కన్వర్టర్ నష్టంతో కలిపి 80 వాట్లు, ఆరు గంటలు, 480 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి దించకూడదు కాబట్టి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్)ది కావాలి, మోయలేక చస్తావు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 50 ఏహెచ్, అంటే 640 వాట్ అవర్లు. ఎండలో పెట్టి ఛార్జ్ చేయొద్దు, 45 డిగ్రీలు దాటితే చాలావాటికి పనికిరాదు, మన మే నెల సంగతి తెలుసు కదా.

కర్నూలు_మెకానిక్:
సెల్ఫ్ బ్యాటరీతో సంబంధమే లేకపోతే నాదీ డీసీకే ఓటు. కానీ చౌక కన్వర్టర్ కొంటే దాని కరెంటు గోల (నాయిస్) ఎకో సౌండర్‌లో కనపడుతుంది, అడుగు గీత ఉండాల్సిన చోట అన్నీ చుక్కలే. సౌండర్ వైరును దానికి దూరంగా లాక్కో.

అనంత_సోలార్:
సౌండర్‌ను మాత్రం బోటు బ్యాటరీ మీద వదిలేస్తే యూఎస్‌బీ కేబుల్ గుండా రెండు బ్యాటరీల మైనస్‌లూ కలుస్తాయి, విడిగా పెట్టిన లాభమే పోతుంది. అదీ నీ బ్యాటరీ మీదే పెట్టు, లేదంటే మధ్యలో యూఎస్‌బీ ఐసొలేటర్, డేటాను పోనిచ్చి కరెంటు దారిని తెంపేది.

పెన్నాతీరం:
సౌండర్ ఇంకో 10 వాట్లు తింటుంది, అప్పుడు 50 ఏహెచ్ బొటాబొటిగా అయిపోతుంది, 60ది చూస్తా. ఆ పీడీ ఛార్జర్ కడపలో చేత్తో పట్టుకుని చూసి కొనే షాపు ఉంటే చెప్పండి, ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనాలంటే టెన్షన్‌గా ఉంది.