పెల్లెట్ స్టవ్‌కి బయటి గాలి పైపు: ఏ సైజు, ఎక్కడ్నుంచి?

చలిమంట (మిషిగన్):
ఇంటికి ఈమధ్యే సందులన్నీ సీల్ చేయించాం. పెల్లెట్ స్టవ్ (చెక్కపొట్టు గుళికలతో మండే పొయ్యి) గదిలో గాలే పీలుస్తుంది. పోపు పెట్టేటప్పుడు హుడ్ (వంట పొగని బయటికి లాగే ఫ్యాన్) ఫుల్లో వేస్తే స్టవ్ మంట నారింజ రంగులోకి మారి, సాగిపోయి మందంగా ఊగుతోంది. రెండ్రోజులకే అద్దం నల్లబడుతోంది. స్టవ్ వెనక ఇన్‌టేక్ (గాలి లోపలికి పోయే రంధ్రం) 2 అంగుళాలు. బయటి గోడకి 7 అడుగులు, మధ్యలో రెండు మలుపులు. డ్రయ్యర్ ప్లాస్టిక్ గొట్టం పనికొస్తుందా? లేక కిందున్న క్రాల్ స్పేస్‌లోంచే (ఇంటి నేల కింద పాకి వెళ్లేంత ఖాళీ) తీసుకోవచ్చా?

గాలివాటం:
ముందు కారణం తేల్చుకోండి. సీఓ (కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు) అలారం పనిచేస్తోందో లేదో చూసుకుని, స్టవ్ మండుతుండగా కిటికీలన్నీ మూసి హుడ్, బాత్రూమ్ ఫ్యాన్లు, డ్రయ్యర్ అన్నీ వేయండి. పది నిమిషాలయ్యాక స్టవ్ దగ్గరి కిటికీ ఒక్క అంగుళం తెరవండి. మంట పొట్టిగా, తెల్లగా, చురుగ్గా మారితే ఇంట్లో గాలి చాలట్లేదన్నట్టే. మారకపోతే పైపు వేసి లాభం లేదు. బర్న్ పాట్ (గుళికలు మండే గిన్నె) రంధ్రాలు, ఎగ్జాస్ట్‌లో (పొగ బయటికి పోయే గొట్టం) పేరుకున్న బూడిద, తలుపు గాస్కెట్ (అంచు చుట్టూ ఉండే సీలు) చూడాలి. స్టవ్ చల్లారాక తలుపు సందులో డాలర్ నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా ఊడొస్తే గాస్కెట్ అరిగిపోయినట్టు.

ప్లాస్టిక్ వద్దే వద్దండీ. కరెంటు పోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయి, వేడీ పొగా ఇన్‌టేక్‌లోకి ఎదురు తన్నే ప్రమాదం ఉంది. గాల్వనైజ్డ్ పైపు గానీ అల్యూమినియం ఫ్లెక్స్ గానీ వాడండి. మీ దూరానికి 2 అంగుళాలు ఇరుకు. స్టవ్ దగ్గరే అడాప్టర్ పెట్టి 3 అంగుళాలకి పెంచితే గాలి దారి రెట్టింపు దాటుతుంది (3.1 నుంచి 7.1 చదరపు అంగుళాలు). అతుకులకి అల్యూమినియం ఫాయిల్ టేపే వేయాలి, గుడ్డ టేపు కొన్నాళ్లకి ఎండి ఊడిపోతుంది.

ఇటుకపొయ్యి:
క్రాల్ స్పేస్ ఆలోచన మానుకోండి. అక్కడ తేమ, దుమ్ము, పైగా చలికాలం వెంట్లు మూసేస్తారు. గ్యారేజీ అయితే పెట్రోలు ఆవిరి. అటక ఇంకా ప్రమాదం: వెచ్చటి గాలి పైకే పోతుంది కాబట్టి పొయ్యిలోని పొగ ఇన్‌టేక్ దారినే పైకెక్కొచ్చు.

బయటి మూతి ఎగ్జాస్ట్ కంటే కిందే ఉండాలి, కనీసం అడుగు ఎడంగా. మీ మాన్యువల్ ఎక్కువ చెబితే అదే లెక్క. మంచు పేరుకునే మట్టానికి పైన ఉంచండి, వాన నీరు జారిపోయేలా బయటికి కాస్త వాలు ఇవ్వండి. మూతికి పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ చాలు. దోమల జాలీ వేస్తే దుమ్ముతో, గడ్డకట్టిన మంచుతో పూడుకుపోతుంది.

చలిమంట:
చాలా థ్యాంక్సండీ. గదిలో ఉన్న పైపుకి చెమట పడుతుందా?

గాలివాటం:
పడుతుంది. బయటి చల్లగాలికి పైపు చల్లబడితే వంటింటి ఆవిరంతా దానిమీదే నీరవుతుంది. ఫాయిల్ తొడుగున్న ఫైబర్‌గ్లాస్ చుట్టండి, ఎగ్జాస్ట్ పైపుకి మాత్రం తగలనీకండి.

ఒక్కటి మర్చిపోకండి. ఈ పైపు స్టవ్‌కే గాలిస్తుంది, హుడ్‌కి కాదు. ఇంట్లో చిమ్నీకి కలిపిన గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, అది మండుతుండగా హుడ్ ఫుల్లో వేసి, హీటర్ పైన పొగగొట్టం మొదలయ్యే సందు దగ్గర అగరబత్తి పట్టండి. పొగ లోపలికి లాక్కుపోతే సరే. గదిలోకి తోసుకొస్తే వెంటనే హుడ్, హీటర్ రెండూ ఆపి, కిటికీలు తెరిచి టెక్నీషియన్‌ని పిలవండి. హుడ్‌కి విడిగా మేకప్ ఎయిర్ (అది లాగేసిన గాలికి బదులు బయటి గాలి వచ్చే దారి) పెట్టించాల్సి రావచ్చు.