లైస్ ఇబ్న్ సాద్ న్యాయ సంప్రదాయం ఎందుకు నిలబడలేదు?

ఇస్లామీయ న్యాయశాస్త్ర చరిత్ర బాగా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. ఈజిప్టు పండితుడు లైస్ ఇబ్న్ సాద్ (713–791) గురించి చదువుతున్నాను. ఈయనకూ మదీనాలో ఉండే, మాలికీ న్యాయ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమామ్ మాలిక్‌కూ మధ్య ఉత్తరాలు నడిచాయి. మదీనా ప్రజల ఆచారాన్నే ప్రమాణంగా తీసుకోవాలని మాలిక్ రాస్తే, ప్రవక్త సహచరులు ఎన్నో ప్రాంతాలకు వెళ్లి స్థిరపడ్డారు, కొన్ని విషయాల్లో వాళ్లలో వాళ్లకే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి కదా, అలాంటప్పుడు ఒక్క ఊరి పద్ధతికి అందరూ ఎందుకు కట్టుబడాలని లైస్ జవాబిచ్చారు. అదీ ఎంత మర్యాదగానో! విభేదిస్తే అలా విభేదించాలి అనిపించింది.

లైస్ మాలిక్ కన్నా గొప్ప ధర్మవేత్త అనీ, శిష్యులే ఆయన్ను నిలబెట్టుకోలేదనీ ఇమామ్ షాఫియీ (షాఫియీ న్యాయ సంప్రదాయ స్థాపకుడు) అన్నట్టు చెబుతారు. లైస్ సంప్రదాయం నిలబడకపోవడానికి కారణం అంతేనా? ఆయన తీర్పులను ఎవరూ పుస్తకంగా కూర్చకపోవడమా, లేక ఇబ్నుల్ ఖాసిం లాంటి మాలిక్ శిష్యులు ఈజిప్టులోనే బలపడటమా?

ఇంకొకటి, లైస్ రాసిన ఆ జవాబు ఉత్తరం తర్వాతి కాలపు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ గ్రంథంలో ఉంది కానీ నాకు అరబిక్ రాదు. తెలుగులో గానీ ఉర్దూలో గానీ పూర్తి అనువాదం ఎక్కడైనా దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.