పాత పట్టుచీరలతో కుట్టిన సంచుల్లో తాంబూలం ఇవ్వవచ్చా?

తులసికోట:
మాఘమాసంలో మా గృహప్రవేశం. దాదాపు 120 కుటుంబాలను పిలుస్తున్నాం. ఇల్లు పూర్తయ్యేసరికి చేతిలో మిగిలింది తక్కువ. అందుకే అలంకరణ, పిలుపు కవర్లు, తాంబూలం సంచులు ఇంట్లోనే చేసుకుందామనుకున్నాం. అలంకరణకు మామిడాకులు, బంతిపూలు, అల్లిన కొబ్బరాకులు చాలు. బీరువాలో పేరుకుపోయిన పాత శుభలేఖలను కత్తిరించి కవర్లు చేశాను. బంగారు రంగు వినాయకుడు సరిగ్గా మధ్యకు వచ్చేలా మడిచాను, చాలా బాగున్నాయి.

చిక్కు సంచుల దగ్గర వచ్చింది. మా అమ్మవి రెండు, అత్తగారివి రెండు పట్టుచీరలు ఉన్నాయి. మడతల దగ్గర చిరిగాయి కానీ అంచులు, బుటాలు ఇంకా మెరుస్తున్నాయి. వాటితో మూతి దగ్గర తాడు లాగి బిగించే సంచులు కుట్టి, కొబ్బరికాయ, ఆకులు, వక్కలు, అరటిపండ్లు, పసుపు కుంకుమ, రవికగుడ్డ పెట్టి ఇద్దామని ఆలోచన. జనపనార సంచి కొంటే ఒక్కొక్కటి 45 రూపాయలు. అంటే 5,400. ఇవైతే ఖర్చు లేదు. మా తోడికోడలికి కుట్టు బాగా వచ్చు, తనే కుడుతుంది. కానీ మా చిన్నత్తగారు, కట్టి విడిచిన బట్టలో ముత్తైదువకు తాంబూలం ఇవ్వడం ఏమిటని అడ్డుపడ్డారు. మీ ఇళ్ళలో ఏమంటారు?

పెద్దింటి_గడప:
మీ చిన్నత్తగారు సరిగ్గానే చెప్పారు. ముత్తైదువకు ఇచ్చే బట్ట కొత్తదై ఉండాలి. రవికగుడ్డ కూడా మడత విప్పనిదే ఇస్తాం, నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ ఇస్తాం. ఎవరో కట్టుకున్న చీర, ఎన్ని శుభకార్యాలకు కట్టినా, అది విడిచిన బట్టే. దానిని ముక్కలు చేసి చేతిలో పెడితే తీసుకున్నవాళ్ళు పైకి ఏమీ అనరు. ఇంటికి వెళ్ళాక అంటారు. డబ్బు లేకపోతే సంచి లేకుండా పళ్ళెంలో పెట్టి కొంగులోకి ఇవ్వండి. మా పెద్దలు అలాగే ఇచ్చారు, ఎవరికీ లోటు కాలేదు.

గోదావరి_గట్టు:
తాంబూలం లోపల ఉంటుంది, సంచి బయట ఉంటుంది. ఏది ముఖ్యం?

పెద్దింటి_గడప:
రెండూ ఆమె చేతిలోకే వెళ్తాయి కదండీ.

కత్తెర_దారం:
నేను కుట్టు పని చేసేదాన్ని. శాస్త్రం సంగతి నాకు తెలియదు, బట్ట సంగతి చెబుతాను.

చీర అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలు. కొబ్బరికాయ, పండ్లు కలిసి పట్టాలంటే సంచికి కత్తిరించే ముక్క కనీసం 11 అంగుళాల వెడల్పు ఉండాలి. 26 అంగుళాల పొడవు ముక్కను అడ్డంగా మడిచి రెండు పక్కలా కుట్టి, పైన తాడు దూరే గొట్టం తీయాలి. ఆ లెక్కన అడ్డంగా నాలుగు, పొడవునా ఎనిమిది, మొత్తం చీరకు 32 ముక్కలు వస్తాయి. కానీ ఇది బాగున్న చీర లెక్క. మీవి మడతల్లో చిరిగాయంటున్నారు. పాత పట్టు ఎప్పుడూ మడతలోనే తెగుతుంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి అదే గీత మీద మడిచి పెడతాం, జరీ అక్కడే పోగును కోస్తుంది. ఆ గీతలన్నీ తప్పించి కత్తిరిస్తే చీరకు 24 వస్తే గొప్ప. నాలుగు చీరలకు 96. మీకు 120 కావాలి.

ఇంకొక మాట. కొబ్బరికాయ బరువుకు పాత పట్టు ఒక్కటే ఆగదు, లోపల కాటన్ లైనింగ్ తప్పదు. 36 అంగుళాల పన్నా బట్ట అయితే 120 సంచులకు ఇరవై ఆరున్నర మీటర్లు పడుతుంది. మీటరు 60 రూపాయలు అనుకున్నా సుమారు 1,600. తాళ్ళకు 400 వేసుకోండి. కుట్టుకూలి నేనైతే ఇలాంటి సంచికి 25 తీసుకుంటాను, అంటే 3,000. మొత్తం 5,000. జనపనార సంచుల కంటే మిగిలేది 400 రూపాయలు.

తులసికోట:
లెక్క బాగా చెప్పారు, ధన్యవాదాలు. ఐదో చీర మా పిన్ని ఇస్తానంది. కుట్టుకూలి మాకు ఉండదు కదా, మా తోడికోడలు ఇంట్లోనే కుడుతుంది. కాబట్టి లైనింగుకు, తాళ్ళకు కలిపి 2,000తో అయిపోతుంది.

పెద్దింటి_గడప గారూ, పాత బట్ట శుభకార్యానికి పనికిరాదంటే ఎలాగండీ? పుట్టిన బిడ్డను మొదట చుట్టేది పాత మెత్తటి బట్టలోనే. ఉయ్యాల కట్టేది అమ్మమ్మ చీరతోనే. బొంతలు కుట్టేది కూడా పాత చీరలతోనే. పసిబిడ్డకు పనికివచ్చింది ముత్తైదువకు పనికిరాదా?

పెద్దింటి_గడప:
అది మన ఇంటి బిడ్డ, మన ఇంటి చీర. ఇంటి లోపల వాడుకునేది వేరు, ఇంటికి వచ్చిన మనిషికి పెట్టేది వేరు. బొంత మీరు కప్పుకుంటారు, చుట్టానికి కానుకగా ఇవ్వరు.

ఓరుగల్లు_వాసి:
మా దగ్గర ఒడిబియ్యం పోసేటప్పుడు చీర, రవికగుడ్డ కొత్తవే పెడతాం. బియ్యం పోసుకుని తీసుకెళ్ళే సంచికి మాత్రం ఏ నియమమూ లేదు. రవికగుడ్డ కొత్తదే ఇస్తున్నారు కదా, గొడవ ఎందుకు?

నీలిమబ్బు:
డాలస్ నుంచి. ఇక్కడ మా స్నేహితురాలు పాత పట్టుచీరతో ఇలాంటి సంచులు కుట్టి ఇచ్చింది. నేను ఇప్పటికీ గాజులు అందులోనే దాచుకుంటున్నాను. కొనుక్కొచ్చిన స్టీలు గిన్నెలు ఎవరు ఇచ్చారో గుర్తు లేదు.

పచ్చని_చెట్టు:
బజారులో 10, 12 రూపాయలకు దొరికే రంగు రంగుల సంచులు బట్టవి అనుకుని చాలామంది తాంబూలానికి కొంటున్నారు. అవి బట్టవి కావు, పాలీప్రొపిలీన్‌తో చేసిన ప్లాస్టిక్ సంచులు. 2021 సెప్టెంబరు 30 నుంచి అవి చదరపు మీటరుకు కనీసం 60 గ్రాముల బరువు ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. పలుచటివి ఇప్పటికీ అమ్ముతున్నారు, కొన్నాళ్ళకు పొడిపొడిగా రాలిపోతాయి. అలంకరణకు థర్మోకోల్ వాడకపోవడం మంచి పని, అది 2022 జులై 1 నుంచి నిషేధం. ఇంటిముందు థర్మోకోల్‌తో స్వాగతం అక్షరాలు కోసి పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాత చీర సంచికి నా ఓటు.

వరాహ_తీరం:
నాది వేరే బాధ. అందరూ అన్నీ ఇంట్లోనే చేసుకుంటే చేతివృత్తి మీద బతికేవాళ్ళ సంగతి ఏమిటి? మాది అనకాపల్లి జిల్లా. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేస్తారు. అంకుడు కర్రను తరిణె (లేత్) మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగు కలిపిన లక్కను అద్దుతారు. తిరిగే కర్రకు లక్క ఆనినప్పుడు వేడికి అది కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు అన్నం పెట్టదు, కొనేవాళ్ళు పెడతారు. సంచి మానేసి అక్కడ చేసిన చిన్న కుంకుమ బరిణె కొని ఇవ్వండి. ఇచ్చినది పదికాలాలు పూజగదిలో ఉంటుంది, చేసినవాడికి పని దొరుకుతుంది.

గోదావరి_గట్టు:
చేతిలో డబ్బు లేదని ఆమె మొదటి వాక్యాల్లోనే చెప్పారు.

వరాహ_తీరం:
చేతివృత్తి వస్తువు కొనాల్సి వచ్చినప్పుడే అందరికీ డబ్బు ఉండదు. భోజనాల్లో రెండు స్వీట్లు తగ్గిస్తే బరిణెల ఖర్చు వస్తుంది.

తులసికోట:
వరాహ_తీరం గారూ, 120 కొనలేను కానీ మీ మాట నచ్చింది. మావారి ఆఫీసు నుంచి ఓ ముప్పై మంది వస్తారు. వాళ్ళకు బరిణెలు కొంటాం. సంచులు చుట్టాలకు ఇస్తాం. అప్పుడు 90 కుడితే సరిపోతుంది, ఐదో చీర కూడా అవసరం రాదు.

అరుగు_మీద:
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. బట్ట పాతదా కొత్తదా అని ఇంతమంది వాదిస్తున్నారు. "ఖర్చు లేదు", "కుట్టుకూలి మాకు ఉండదు" అన్న రెండు మాటల దగ్గర ఒక్కరూ ఆగలేదు.

మా ఆడపడుచు కూతురి ఓణీల వేడుకకు ఇలాంటి సంచులే కుట్టాను. ఇంట్లో కుట్టే కోడలు ఉండగా కొనడం ఎందుకని అత్తగారు అన్నారు. పగలు వంట, పిల్లల బడి, రాత్రి మిషను. జరీ అంచు దగ్గర సూది దిగదు, బలవంతంగా తొక్కితే విరుగుతుంది. విరిగిన ముక్క చూపుడు వేలిలో దిగితే కట్టు కట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. వేడుక రోజు అందరూ సంచులు చూసి మా అత్తగారి అభిరుచిని మెచ్చుకున్నారు. ఆ వారమే, మా చెల్లి పెళ్ళికి పదివేలు సర్దమని అడిగితే, నువ్వు సంపాదించేది ఏముంది తిరిగి ఇవ్వడానికి అన్నారు. నేను కుట్టినదాని వల్ల ఎంత మిగిలిందో ఆ ఇంట్లో ఎవరూ లెక్క వేయలేదు. కత్తెర_దారం గారు వేశారు. కూలి కడితే మిగిలేది 400. అంటే మిగతా 3,000 మీ తోడికోడలు మీకు ఇస్తున్నట్టు.

తులసికోట:
మా ఇంటి సంగతి మీకు ఏం తెలుసండీ? మా తోడికోడలు నాకు చెల్లెలితో సమానం. మీ అత్తగారి కోపం నా మీద చూపించకండి. ఇంట్లో శుభకార్యం అంటే అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు. దానికీ కూలి కట్టే కాలం వస్తే ఇక బంధుత్వం ఎందుకు?

అరుగు_మీద:
చెల్లెలితో సమానం అయితే మంచిదే. ఆమెను అడిగారా, లేక ఆమెకు చెప్పారా? మీరు రాసినదాంట్లో "కుడుతుంది" అని ఉంది. "కుడతానంది" అని లేదు.

గోదావరి_గట్టు:
ఇది న్యాయమైన ప్రశ్న.

కత్తెర_దారం:
90 అయినా చిన్న పని కాదు. ఒక్కో సంచికి లైనింగు, పట్టు, రెండు పక్కల కుట్టు, తాడు గొట్టం. నా చేతికే అరగంటకు ఒకటి కంటే ఎక్కువ రావు. నాకు అది వృత్తి. ఇంటి పని మధ్యలో చేసే మనిషికి ఇంకా ఎక్కువ పడుతుంది.

పెద్దింటి_గడప:
నేను ఒకటి అడుగుతాను, తులసికోట గారూ. ఆఫీసు వాళ్ళకు కొత్త బరిణెలు, చుట్టాలకు పాత చీర ముక్కలు అన్నారు. పాత చీర అంత పవిత్రమైతే ఆఫీసు వాళ్ళకు ఎందుకు ఇవ్వరు?

తులసికోట:
వాళ్ళు బయటివాళ్ళు. ఎలా అనుకుంటారో అని.

పెద్దింటి_గడప:
నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే, మీరందరూ నన్ను చాదస్తం కింద కొట్టేశారు. బయటివాళ్ళు ఏమనుకుంటారో అని కొత్తది. చుట్టాలు ఏమనుకున్నా పరవాలేదని పాతది.

మా పెళ్ళయిన కొత్తలో మా దగ్గరి బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాం. అప్పుడు మా పరిస్థితి బాగా లేదు, అది అందరికీ తెలుసు. వాకిట్లో ఇద్దరు నిలబడి తాంబూలాలు ఇస్తున్నారు. కార్లలో వచ్చినవాళ్ళకు ఒక బల్ల మీద నుంచి, మాకు ఇంకో బల్ల మీద నుంచి. నా చేతికి వచ్చిన రవికగుడ్డకు గుండుసూది గుచ్చిన చోట తుప్పు మరక ఉంది. ఎవరో వాళ్ళకు పెట్టినది, ఎన్నాళ్ళో బీరువాలో పడి ఉన్నది. పక్కన మా అక్కకూ అలాగే. ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. ముత్తైదువకు కొత్త బట్టే పెట్టాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఒకటే పెట్టాలన్న కట్టుబాటు అది. దానిని తీసేస్తే లేనివాళ్ళకే పాతది వస్తుంది.

ఓరుగల్లు_వాసి:
ఈ కోణం నేను ఆలోచించలేదు. అయితే అందరికీ ఒకే సంచి ఇస్తే మీకు అభ్యంతరం లేదా?

పెద్దింటి_గడప:
అందరికీ ఇస్తే అవమానం ఉండదు. అయినా నేనైతే కొత్త బట్టే పెడతాను.

వరాహ_తీరం:
అందరికీ బరిణెలు అని నేను ముందే చెప్పాను.

తులసికోట:
నిన్న రాత్రి కోపంతో ఫోను పక్కన పెట్టేశాను. ఎవరినీ తక్కువ చేయాలని ఆ మాట రాయలేదు. బరిణెల ఆలోచన మానేశాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఆఫీసు వాళ్ళతో సహా, ఇవే సంచులు. మా పిన్ని చీర కూడా తెప్పిస్తున్నాను.

తోడికోడలిని అడిగాను. తను నలభై కుడతానంది, కూలి మాట ఎత్తితే నొచ్చుకుంది. మిగతా ఎనభై మా వీధిలో కుట్టే ఆమెకు ఇస్తాను. జనపనార సంచుల కంటే వెయ్యి, పద్నాలుగు వందలు మిగులుతాయి. అంత మిగిలినా నాకు చాలు. మా అమ్మ చీరలు బీరువాలో చివికిపోకుండా వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఉండాలన్నది నా కోరిక, అది మీలో ఒకరిద్దరికే అర్థమైంది.

అరుగు_మీద:
వద్దనే అంటుంది. ఎనభై కుట్టే ఆమెకు ఎంత ఇస్తారో, నలభైకి అదే లెక్కన తన పేరు మీద పోస్టాఫీసులో వేయండి. వద్దన్నా వేయండి.

కత్తెర_దారం:
కత్తిరించే ముందు చీరలను కుంకుడు రసంలో ముంచి నీడలో ఆరబెట్టండి, కలరా ఉండల వాసన పోవాలి. జరీ మీద ఇస్త్రీ నేరుగా పెట్టకండి, పైన పలుచటి బట్ట వేయండి. మొదట ఒక్కటి కుట్టి, కాయ పెట్టి, ఒక పూట మేకుకు వేలాడదీసి చూడండి. పక్క కుట్టు విచ్చుకుంటే రెండో కుట్టు వేయాల్సి ఉంటుంది. అప్పుడు కూలి 25 చాలదు, ముందే మాట్లాడుకోండి.