పక్షవాతం తరువాత బిగుసుకుపోయిన భుజానికి షాక్‌వేవ్ చికిత్స చేయించవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 63 ఏళ్లు. ఏడు నెలల క్రితం మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఆయనకు కుడివైపు పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. చెయ్యి మాత్రం మొదటి రెండు నెలలు వేలాడిపోయి, ఆ తరువాత క్రమంగా బిగుసుకోవడం మొదలైంది. ఇప్పుడు జబ్బ ఒంటికి అంటుకుపోయి, మోచెయ్యి మడుచుకుని, అరచెయ్యి పొట్ట మీదికి వచ్చి ఉంటోంది. స్నానం చేయించేటప్పుడు చంక శుభ్రం చేయాలని చేతిని కాస్త పక్కకు తీయబోతే ఆయన పడే బాధ చూడలేకపోతున్నాను. చొక్కా తొడగడానికి ఇద్దరం కావలసి వస్తోంది.

కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర మోతాదు పెంచితే పగలంతా మగతగా ఉంటున్నారని డాక్టరుగారు మళ్లీ తగ్గించారు. మేము వెళ్లే ఫిజియోథెరపీ కేంద్రంలో వారానికి ఒకటి చొప్పున ఐదు సిట్టింగులు షాక్‌వేవ్ పెడితే భుజం వదులవుతుందని చెబుతున్నారు. షాక్ అనగానే కరెంటు పెడతారేమోనని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఆయనకు రక్తం పల్చబడే మాత్ర, అంటే క్లోపిడోగ్రెల్, నడుస్తోంది. ఈ స్థితిలో షాక్‌వేవ్ పెట్టించవచ్చా, దాని వల్ల చెయ్యి తిరిగి పని చేస్తుందా అన్నవి నా ప్రధాన సందేహాలు. ఇంకొకటి కూడా అడగాలి. తలుపుకు గిలక కట్టి, మంచి చేత్తో తాడు లాగుతూ పడిపోయిన చేతిని తల పైదాకా ఎత్తించడం రోజూ చేయిస్తున్నాము. అది కొనసాగించాలా?

మొదటి సమాధానం (ఫిజియోథెరపిస్టు)

అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఈ రోజే ఆపవలసిన పని. పక్షవాతం వచ్చిన భుజానికి గిలక వ్యాయామం మంచిది కాదు. చేతిని తల పైకి ఎత్తేటప్పుడు వెనుక ఉన్న రెక్క ఎముక కూడా తిరగాలి, జబ్బ ఎముక బయటివైపుకు తిరగాలి. బిగుసుకున్న కండరాలు ఈ రెండింటినీ జరగనివ్వవు కాబట్టి, తాడు బలవంతంగా లాగినప్పుడు మధ్యలోని స్నాయువులు నలిగిపోతాయి. 1990లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో 28 మందిని మూడు బృందాలుగా చేసి చూస్తే, గిలక వాడిన వారిలో 62 శాతం మందికి భుజం నొప్పి మొదలైంది. చికిత్సకులు స్వయంగా చేతిని పట్టుకుని కదిలించిన బృందంలో అది 8 శాతమే. అంతటి తేడా కనిపించిన తరువాత కూడా మన ఇళ్లలో ఆ గిలక తలుపులకు వేలాడుతూనే ఉండడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఇక షాక్‌వేవ్ గురించి. ఇందులో కరెంటు ఒంట్లోకి పోదని నాన్నగారికి చెప్పండి. ఇది శబ్దం లాగా కదిలే ఒత్తిడి తరంగం. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, కోత లేకుండా మూత్రపిండంలోని రాయిని పగలగొట్టడానికి దీన్ని తొలిసారి రోగి మీద వాడారు. కండరాల బిగుతుకు వాడే శక్తి రాళ్లకు వాడే దానికంటే చాలా తక్కువ. మన దగ్గర ఫిజియోథెరపీ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించేది రేడియల్ రకం యంత్రం. దాని పిడిలో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి కొనను కొడుతుంది, ఆ దెబ్బ చర్మం దగ్గర బలంగా ఉండి లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఫోకస్డ్ రకంలో మాత్రం శక్తి లోపల ఒక చోట కేంద్రీకృతమవుతుంది. మీకు పెట్టబోయేది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

పక్షవాతం బిగుతు మీద దీని ప్రభావాన్ని 2005లో ఇటలీకి చెందిన మంగనొట్టి, అమేలియో అనే వైద్యులు 20 మందిలో పరిశీలించారు. ముందు ఉత్తుత్తి చికిత్స చేసి, తరువాత ముంజేతి, అరచేతి కండరాలకు ఒకే ఒక్క అసలు సిట్టింగు ఇచ్చారు. నాలుగు వారాల తరువాత కూడా బిగుతు తగ్గి ఉంది, పన్నెండు వారాలకు పదిమందిలో ఆ తగ్గుదల నిలిచింది. అయితే అది ముంజెయ్యి, భుజం కాదు. భుజాన్ని ఒంటికి లాగి పట్టే కండరాలు అనేకం. ఛాతీ మీది పెక్టొరాలిస్ మేజర్, వీపు నుంచి వచ్చే లాటిసిమస్ డార్సై చేతికి అందుతాయి. సబ్‌స్కాపులారిస్ అలా కాదు. అది రెక్క ఎముకకూ పక్కటెముకలకూ మధ్య దాగి ఉంటుంది, దాన్ని చేరాలంటే చంక వైపు నుంచే పోవాలి. ఆ దారిలోనే చేతికి వెళ్లే నరాలూ పెద్ద రక్తనాళాలూ ఉన్నాయి. ఛాతీ కండరం కింద ఊపిరితిత్తి ఉంటుంది. గాలి నిండిన ఊపిరితిత్తి వైపు ఈ తరంగాలను గురిపెట్టకూడదు. కనుక మడమ నొప్పికి ఈ యంత్రం పెట్టడం తెలిసినంత మాత్రాన భుజానికి పెట్టడం వచ్చినట్టు కాదు. ఏ కండరానికి, ఏ కోణంలో పెడతారో మీరు అడిగినప్పుడు స్పష్టంగా చెప్పగలిగిన వారి దగ్గరే చేయించండి.

రెండవ సమాధానం (తల్లికి చేయించిన కుమారుడు)

మా అమ్మకు గత ఏడాది ఆరు సిట్టింగులు చేయించాము. మొదటి మూడింటికి వెళ్లిన చోట యంత్రం పెట్టి, పది నిమిషాల్లో ఇంటికి పంపించేవారు. ఆ సాయంత్రం చెయ్యి మెత్తగా అనిపించేది, నాలుగు రోజుల్లో మళ్లీ మామూలే. తరువాత వేరొక చోటికి మారితే, అక్కడి ఫిజియోథెరపిస్టు షాక్‌వేవ్ అయిన వెంటనే అరగంట సేపు రెక్క ఎముకను కదిలించి, చేతిని మెల్లగా బయటికి సాగదీసి, మాకు కూడా నేర్పించి పంపేవారు. పడుకున్నప్పుడు చంక కింద దిండు పెట్టి చేతిని ఒంటికి దూరంగా ఉంచమన్నారు. చొక్కా గాని రవిక గాని తొడిగేటప్పుడు ముందుగా పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు దాన్ని చివరగా అని చెప్పారు. ఇంత చిన్న సంగతి అంతవరకూ మాకు ఎవరూ చెప్పలేదు.

చంక శుభ్రం చేయడం తేలికైంది, నొప్పి తగ్గి రాత్రి నిద్ర పట్టింది. చెయ్యి మాత్రం సొంతంగా కదలలేదు. ఆ ఆశతో వెళితే నిరాశ కలుగుతుందని చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. మరొక అనుభవం. మధ్యలో ఒక వారం చెయ్యి ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంది. చికిత్స వికటించిందని భయపడ్డాము. చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్, దానికి మందు వాడగానే చెయ్యి మళ్లీ మునుపటి స్థితికి వచ్చింది.

మూడవ సమాధానం (పునరావాస వైద్య నిపుణురాలు)

పైవారు చెప్పింది నిజం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండ్లు, బిగుతైన దుస్తులు, ఎక్కడ నొప్పి ఉన్నా సరే, అవన్నీ కండరాల బిగుతును పెంచుతాయి. భుజం నొప్పికి కూడా బిగుతు ఒక్కటే కారణమని ముందే నిర్ణయించుకోవద్దు. జబ్బ ఎముక గూటి నుంచి కిందికి జారి ఉండవచ్చు, స్నాయువు చిరిగి ఉండవచ్చు, కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడి ఉండవచ్చు. అరచెయ్యి వాచి, రంగు మారి, తాకితేనే భరించలేనంత నొప్పి ఉంటే అది వేరే సమస్య, దాని చికిత్స కూడా వేరు. పరీక్ష చేయించి, అవసరమైతే భుజానికి అల్ట్రాసౌండ్ తీయించిన తరువాతే యంత్రం సంగతి ఆలోచించండి.

బిగుతులో రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి మెదడు అదుపు తప్పడం వల్ల నరం ద్వారా వచ్చేది, చేతిని వేగంగా కదిలిస్తే ఇది ఎక్కువగా ఎదురు తిరుగుతుంది. రెండవది నెలల తరబడి ముడుచుకుని ఉండడం వల్ల కండరమే కురచబడి గట్టిపడడం, ఎంత మెల్లగా కదిలించినా ఇది వదలదు. మొదటి దానికి, కండరాన్ని సడలించే బొటులినమ్ ఇంజెక్షన్ బాగా పరీక్షకు నిలిచిన చికిత్స, దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. షాక్‌వేవ్ నరం మీద కంటే కండరపు బిరుసుతనం మీదే ఎక్కువగా పని చేస్తుందని చాలామంది భావిస్తున్నారు. అది ఎలా పని చేస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి. కొలతల్లో బిగుతు తగ్గినంతగా చేతి పనితనం పెరిగినట్టు అవి చూపలేదు. కాబట్టి సంరక్షణ సులభం కావడం, నొప్పి తగ్గడం లక్ష్యాలుగా పెట్టుకుంటే ఇది ప్రయత్నించదగినదే. ఇంజెక్షన్‌తో కలిపి వాడే పద్ధతి కూడా ఉంది.

క్లోపిడోగ్రెల్ వాడుతున్నంత మాత్రాన తక్కువ శక్తి చికిత్స నిషిద్ధం కాదు, కానీ చర్మం కమిలే అవకాశం ఎక్కువ కనుక ముందుగా చెప్పి తీరాలి. షాక్‌వేవ్ కోసమని ఆ మాత్రను మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపవద్దు, అది రెండవసారి పక్షవాతం రాకుండా కాపాడుతున్న మందు. బాక్లోఫెన్ కూడా హఠాత్తుగా మానకూడదు. పేస్‌మేకర్ ఉన్నా, చికిత్స చేసే చోట కణితి ఉన్నా, రక్తం గడ్డకట్టడంలో తీవ్రమైన లోపం ఉన్నా తప్పనిసరిగా డాక్టరుకు తెలపాలి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. గిలక తీసేశాను. కరెంటు కాదని వివరించాక నాన్నగారు ఒక సిట్టింగు చూద్దామన్నారు. సోమవారం ముందు డాక్టరుగారికి చూపిస్తాము. ఒక్క సందేహం మిగిలింది. నిజంగా తగ్గిందో, మాకు తగ్గినట్టు అనిపిస్తోందో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రోజూ ఒకే సమయంలో, ఒకే భంగిమలో చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని మెల్లగా పక్కకు తీసి, నొప్పి మొదలయ్యే చోట ఆపి, మోచేతికీ ఒంటికీ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి రాసి పెట్టండి. చొక్కా తొడగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎంతమంది కావలసి వచ్చారో కూడా రాయండి. చికిత్సకు వారం ముందు నుంచే మొదలుపెట్టి, చివరి సిట్టింగు తరువాత కనీసం నెల రోజులు కొనసాగించండి. మూడవ సిట్టింగుకల్లా ఆ అంకెల్లో ఏ మార్పూ లేకపోతే, మిగిలిన రెండింటికి డబ్బు కట్టేముందు ఆ కాగితాన్ని మీ డాక్టరుగారికి చూపించండి.